షీటులో మిగిలిన బిళ్ళ



ఈ ఉపన్యాసం ఎవరి స్మృత్యర్థం ఏర్పాటైందో ఆయన్ని, ఆయన బతికున్నన్నాళ్ళూ, మేం ‘సార్’ అనే పిలిచాం. ఈ పూటా అలాగే పిలుస్తాను. మాట్లాడమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. సార్ దగ్గర నాకు ఒక బాకీ ఉంది. రక్తపోటుకు మందు రాసివ్వడంతో డాక్టరు పని అయిపోదనీ, ఆ మందు మనిషి కడుపులోకి వెళ్ళిందా లేదా చూసుకోవడం కూడా ఆయన పనేననీ సార్ నాకు నేర్పారు. అది నాకు ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1986 సెప్టెంబరు. గోదావరి డెల్టాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను అప్పుడు మెడిసిన్ పీజీని. నలభై ఐదేళ్ళుంటాయేమో, ఒక కూలి మనిషి ఓపీకి ప్రతి నెలా వచ్చేది. బురదలో నానీ నానీ వేళ్ళ సందులు ఒరిసిపోయిన పాదాలు. చేతిలో గుడ్డ సంచి. జూలైలో చూసినప్పుడు బీపీ 190/116. ఒక బిళ్ళ రాశాను. ఆగస్టులో చూస్తే ఏమీ తగ్గలేదు, రెండోది కలిపాను. సెప్టెంబరులోనూ అంతే. మూడోది రాయబోతుంటే సార్ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. చీటీ తీసుకుని చదివారు. నాతో ఏమీ అనలేదు. ఆవిడతో మాట్లాడారు.

“ఏ ఊరమ్మా మనది?” అన్నారు. చెప్పింది. “కలుపులు మొదలయ్యాయా?” అన్నారు. “అవుతున్నాయండి.” తర్వాత అడిగిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. “ఈ బిళ్ళలు రోజూ మింగడం ఎవరికైనా కష్టమేనమ్మా. పనుల్లో పడి నెలకి కొన్ని తప్పిపోతుంటాయి. నీకు ఈ నెల ఎన్ని తప్పాయి?”

ఆవిడ ముందు నా వైపు చూసింది. నేను తిడతానేమోనని చూసింది. తర్వాత సంచి విప్పి షీట్లు బల్ల మీద పెట్టింది. ఒక షీటు కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఇంకోదానిలో మూడు గుంటలు ఖాళీ.

“చేలో పనున్న రోజున ఏసుకోనండి,” అంది. “ఏసుకుంటే గంటకోసారి ఎల్లాలండి. గట్టుమీద మగోళ్ళుంటారు. ఎక్కడికెల్తానండి? ఇంటికాడున్న రోజున ఏసుకుంటన్నానండి.”

నేను మొదట రాసిన బిళ్ళలో మూత్రం ఎక్కువయ్యే మందు కలిసి ఉంది. పుస్తకం ప్రకారం సరైన మందే. జూలై నుంచి అక్టోబరు దాకా డెల్టాలో ఒక ఆడమనిషి రోజంతా మోకాలి లోతు నీళ్ళలో వంగి ఉంటుందనీ, పక్క చేనులో మగవాళ్ళుంటారనీ, చుట్టూ ఒక చెట్టు చాటు కూడా ఉండదనీ పుస్తకంలో లేదు. నేను అడగలేదు. అడగకుండా రెండో మందు కలిపాను, మూడోదానికి కలం తీశాను. సార్ ఆ మొదటి బిళ్ళ కొట్టేసి, రెండోదాన్ని ఒక్కదాన్నే ఉంచారు. “ఇది వేసుకుంటే మాటిమాటికీ వెళ్ళాల్సిన పనుండదు. పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరేముందు వేసుకో” అన్నారు. నవంబరులో వచ్చినప్పుడు 156/94. అసలు మందు మొదలైంది అప్పుడే.

ఆవిడ మందు మానేసిందని నేను ఆనాడు కేసుషీటులో రాసి ఉండేవాణ్ణి. నిజానికి ఆవిడ ప్రతి పొద్దునా ఒక లెక్క వేసుకునేది. ఎప్పుడో వస్తుందో రాదో తెలియని పక్షవాతం ఒకవైపు, ఈ పూట చేలో పోయే మానం ఒకవైపు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన వందలాది మందిలో కారణం లేకుండా బీపీ బిళ్ళ ఆపిన మనిషి నాకు దాదాపు కనపడలేదు. వాళ్ళ కారణం మన చెవిన పడలేదు, అంతే. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ కారణాల గురించే.

ముందు మాట దగ్గరే మొదలుపెడతాను. మన భాషలో పోటు అంటే నొప్పి. పంటిపోటు, తలపోటు, చెవిపోటు. కత్తిపోటు అంటే నెత్తురు కళ్ళచూస్తాం. సముద్రం పోటు మీదుంటే ఒడ్డున ఉన్నవాడికి కనపడుతుంది, వినపడుతుంది. మరి రక్తపోటు అన్న మాట విన్నవాడికి ఏమనిపిస్తుంది? ఎక్కడో పొడవాలి, ఏదో పొంగాలి. ఈ జబ్బులో చాలామందికి పొడిచేదీ లేదు, పొంగేదీ లేదు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఏమీ తెలియదు. ఆలోగా గుండె కండరం మందమవుతుంది, కిడ్నీలో సన్నటి నాళాలు బిరుసెక్కుతాయి, మెదడులో ఒక చిన్న ధమని గోడ పలచబడుతుంది. మనిషి హాయిగా పొలానికి వెళ్ళొస్తుంటాడు. పేరుకి పోటు, అసలు పోటే లేదు. అందుకే తల బరువెక్కిన రోజున బిళ్ళ వేసుకుని, తల తేలికగా ఉన్న రోజున మానేస్తారు. తలనొప్పికి బిళ్ళ వేసుకున్నట్టే ఇదీ.

బీపీ అన్న ఇంగ్లీషు మాట ఇంకో దారి తప్పించింది. “నాకు బీపీ తెప్పించకు” అని ఇంట్లో అందరం అంటాం. కోపం అన్న అర్థంలోనే అంటాం. కోపం వస్తే వచ్చేది, చల్లబడితే పోయేది. ఒక పెద్దావిడ నాతో, “ఇంట్లో గొడవలన్నీ సద్దుమణిగాయి బాబూ, ఇంకెక్కడి బీపీ” అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడకి 178/104 ఉంది. ఆవిడ అజ్ఞానం అనుకుంటే మనకి సుఖంగా ఉంటుంది. కానీ ఆ మాటకి ఆ అర్థం ఇచ్చింది మనమే. డాక్టర్లం కూడా “టెన్షన్లు తగ్గించుకోండి” అని చీటీ చేతికిస్తాం కదా. టెన్షన్ తగ్గిందని ఆవిడ నమ్మితే, మన మాట విన్నట్టే.

మరొకటి. చీటీ మీద మనం ‘30 రోజులు’ అని రాస్తాం. ప్రభుత్వ కౌంటరులో ముప్ఫై బిళ్ళలే ఇస్తారు కాబట్టి రాస్తాం. చదివినవాడికి అది కోర్సు. జ్వరానికి ఐదు రోజులు, టీబీకి ఆరు నెలలు, బీపీకి నెల. “నెలరోజులు వాడమన్నారండి, వాడేశాను” అని ఎంతమంది చెప్పారో లెక్కలేదు. పైగా మన ఇళ్ళలో మందు అంటే పథ్యం, పథ్యం అంటే గడువు. కషాయమైనా లేహ్యమైనా మండలం రోజులు వాడతాం, పథ్యం విడుస్తాం, నలుగురికీ భోజనం పెడతాం. వైద్యానికి ఒక ముగింపు ఉండాలన్నది వందల ఏళ్ళ అలవాటు. ముగింపు లేని మందు అంటే మన మనసుకి ముగింపు లేని జబ్బు. “ఒకసారి మొదలెడితే జన్మంతా వాడాలట, అందుకే మొదలెట్టలేదు” అనేవాళ్ళు మాట్లాడేది ఈ భయమే. ‘అలవాటు పడిపోతాం’ అన్న మాట కూడా ఇక్కడిదే. సారాకి అలవాటు పడిన మనుషుల్ని చూసిన ఊళ్ళు మనవి. రోజూ వేసుకోవాల్సినదేదైనా వాళ్ళకి ఆ వరసలోనే కనిపిస్తుంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఈ బిళ్ళ ఎంత కొత్తదో మనం మరిచిపోతాం. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని హోవర్డ్ బ్రూన్ అనే యువ హృద్రోగ వైద్యుడు పరీక్షించాడు. రక్తపోటు 186/108. గుండె అప్పటికే పెద్దదైంది. ఆయన చేయగలిగిందల్లా ఉప్పు తగ్గించమనడం, విశ్రాంతి చెప్పడం, డిజిటాలిస్ ఇవ్వడం, నిద్రకి ఓ మందు ఇవ్వడం. 1945 ఏప్రిల్ 12న తల వెనక భరించలేని నొప్పి అంటూ రూజ్‌వెల్ట్ కుప్పకూలాడు. అప్పుడు కొలిస్తే 300/190. ప్రపంచంలో అంత బలవంతుడికి ఆ రోజున ఇవ్వడానికి ఒక్క బిళ్ళ లేదు.

ఆ బిళ్ళ వచ్చిన దారుల్లో ఒకటి మన అడవుల్లోంచి పోతుంది. సర్పగంధ వేరు. పిచ్చికీ నిద్రలేమికీ పాముకాటుకీ మన పల్లెవైద్యులు వాడిందే. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకి ఇచ్చి, యాభై మంది అనుభవాన్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. పడమటి దేశాలు అప్పుడు మేల్కొన్నాయి. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరునుంచే రిసర్పిన్ తీశారు. వకీల్‌గారికి 1957లో లాస్కర్ అవార్డు వచ్చింది. 1986లో మా కూలి మనిషికి నేను మొదట రాసిన బిళ్ళలో మూత్రం మందుతో పాటు ఆ రిసర్పిన్ కూడా ఉంది. రూజ్‌వెల్ట్‌కి దొరకనిది ఆవిడ గుడ్డ సంచిలో ఉంది, షీటులో చెక్కుచెదరకుండా ఉంది.

మందు ప్రాణం నిలుపుతుందని గట్టిగా రుజువైంది 1967లో. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో 143 మంది మగవాళ్ళ మీద చేసిన పరిశోధన అది. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్నవాళ్ళు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న 70 మందిలో 27 మందికి పెద్ద ప్రమాదాలు జరిగాయి. అసలు మందు వేసుకున్న 73 మందిలో ఇద్దరికి. వైద్యవిద్యార్థులందరికీ ఈ అంకెలు చెబుతాం. ఆ పరిశోధన ఎలా మొదలైందో మాత్రం చెప్పం. మనుషుల్ని రెండు జట్లుగా విడగొట్టకముందే, రైబోఫ్లేవిన్ కలిపిన ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చి ఇంటికి పంపారు. తర్వాత మూత్రంలో ఆ విటమిను మెరుపు ఉందా అని చూశారు, మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టారు. సరిగ్గా వేసుకోనివాళ్ళని పక్కన పెట్టేశారు. అంటే మందు పనిచేస్తుందని లోకానికి చెప్పిన పరిశోధనే, మందు వేసుకునేవాళ్ళని ముందుగా ఏరుకుని మొదలైంది. పక్కన పెట్టేసిన ఆ మనుషులే మన ఓపీలో బెంచీల మీద కూర్చునేది. వాళ్ళని పక్కన పెట్టే హక్కు మనకి లేదు.

మళ్ళీ ఓపీకి వస్తాను. ఈ రోజుల్లో అందరికీ తెలిసిన బిళ్ళ ఆమ్లోడిపిన్. మంచి మందు, చవకైన మందు, రోజుకి ఒక్కసారి చాలు. అది ఒంట్లో సన్నటి ధమనుల్ని వదులు చేస్తుంది, అందువల్ల కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర నీరు దిగుతుంది. ఇది మనకి తెలుసు. కాళ్ళవాపు అంటే ఊళ్ళో ఏమిటి? కిడ్నీ పోయింది అని. ఎవరో ఒకరికి డయాలసిస్ చేయించి, పొలం అమ్ముకుని, చివరికి మనిషీ దక్కని ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో అయితే ఆ భయం వీధి వీధికీ ఉంది. అక్కడ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, ఆ తేలకపోవడమే భయాన్ని పెంచుతుంది. అలాంటి చోట బీపీ బిళ్ళ మొదలెట్టిన రెండో వారానికి పాదాలు వాచిన మనిషి ఏమనుకుంటాడు? “బిళ్ళ కిడ్నీలు తినేస్తోంది” అనుకుంటాడు, ఆపేస్తాడు. వాపు తగ్గుతుంది. తన అనుమానం నిజమేనని రుజువైంది. ఇంక ఆ మనిషికి మీరు ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా లాభం లేదు.

చీటీ ఇచ్చే ముందు ఒక్క నిమిషం చాలు. “సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బితే భయపడకు. అది కిడ్నీ వాపు కాదు, ఈ మందు చేసే పనే. ఎక్కువైతే వచ్చి చెప్పు, మందు మారుస్తాను.” తక్కువ మోతాదు ఇచ్చి, టెల్మిసార్టాన్ లాంటిది జత చేస్తే వాపు చాలావరకు తగ్గుతుంది. నిజంగా కిడ్నీలు తినేది అదుపులేని బీపీ అని, కీళ్ళనొప్పులకి మెడికల్ షాపులో అడిగి రోజూ మింగే నొప్పి బిళ్ళలు ఆ బీపీని కూడా పెంచుతాయని, ఆ నిమిషంలోనే చెప్పొచ్చు. ఆ నొప్పి బిళ్ళ మానేవాళ్ళు నాకు కనపడలేదు. అది వేసుకుంటే అరగంటలో హాయి తెలుస్తుంది. బీపీ బిళ్ళ వేసుకుంటే ఏమీ తెలియదు, ఆపినా ఏమీ తెలియదు. ఆమ్లోడిపిన్ అయితే ఒంట్లోంచి పోవడానికే రోజులు పడుతుంది, రెండు రోజులు తప్పినా అంకె పెద్దగా కదలదు. మనిషి మానేసి చూస్తాడు, ఏమీ అవలేదు. ఇంకేం కావాలి రుజువు?

నోరు విప్పి చెప్పుకోని కారణాలు కొన్ని ఉన్నాయి. మగవాళ్ళు మగతనం పోతుందని భయపడతారు. కొన్ని పాత మందులతో ఆ ఇబ్బంది కొందరికి నిజంగానే ఉంది, ఇప్పుడు ఎక్కువగా వాడేవాటితో అరుదు. కానీ ఆ ప్రశ్న ఓపీలో యాభైమంది ముందు ఎవరు అడుగుతారు? బిళ్ళ ఆపేస్తారు, కారణం చెప్పరు. ఆడవాళ్ళ విషయం వేరు. ఇంట్లో డబ్బు బిగిసినప్పుడు మొదట ఆగేది అమ్మ బిళ్ళ. ఆయనకి షుగరు, ఆయన మందులు ఆగకూడదు, పిల్లాడి ఫీజు ఆగకూడదు. ఏకాదశికీ శివరాత్రికీ ఉపవాసం ఉన్న రోజున నీళ్ళు కూడా ముట్టని ఇళ్ళున్నాయి, బిళ్ళ సంగతి అడగక్కర్లేదు. సాయంత్రం తాగే అలవాటున్నవాళ్ళది ఇంకో లెక్క. మన భాషలో రెండూ మందే. “ఆ మందు మీద ఈ మందు పడకూడదట సార్” అని బీపీ బిళ్ళ మానేస్తారు. తాగుడు తగ్గించమని చెప్పాలి, కచ్చితంగా చెప్పాలి. కానీ తాగినా తాగకపోయినా పొద్దున్నే బిళ్ళ వేసుకోమని కూడా చెప్పాలి. రెండో మాట చెప్పడం మనకి నామోషీగా ఉంటుంది. ఆ నామోషీతో పోయేది ఆ మనిషి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. సార్ రిటైరయ్యాక, నేను ఒక యూనిట్‌కి బాధ్యుణ్ణి అయ్యాక జరిగింది. ఒక బస్సు కండక్టరు నా దగ్గరికి వచ్చేవాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒకరోజు బిళ్ళలు సరిగ్గా వేసుకోలేదని నిజం చెప్పాడు. రాత్రి డ్యూటీలు, తిండికి వేళాపాళా లేదు అన్నాడు. సార్ దగ్గర నేర్చుకున్నదంతా ఆ రోజున ఎక్కడికి పోయిందో. ఓపీ నిండుగా ఉంది, నాకు ఆకలిగా ఉంది, అందరి ముందూ కేకలేశాను. చదువుకున్నవాడివి, పక్షవాతం వస్తే నీ పెళ్ళాంపిల్లల్ని ఎవరు చూస్తారు అన్నాను. తలొంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నరపాటు ప్రతి నెలా వచ్చాడు. ఎప్పుడు అడిగినా “వాడుతున్నానండి” అన్నాడు. బీపీ తగ్గలేదు. నేను రెండు మందులు మూడు చేశాను, మూడు నాలుగు చేశాను.

తర్వాత హెర్నియా ఆపరేషనుకి సర్జికల్ వార్డులో చేరాడు. కేసుషీటులో నాలుగు మందులూ రాసి ఉన్నాయి. సిస్టర్ శ్రద్ధగల మనిషి. మంచం దగ్గర నిలబడి, నీళ్ళిచ్చి, నాలుగూ వేళకి మింగించింది. మూడో రోజు తెల్లవారుజామున బాత్రూముకి లేచి, గుమ్మం దగ్గర పడిపోయాడు. మణికట్టు విరిగింది. బీపీ చూస్తే 86/50. ఆ నాలుగు మందులూ అతను ఎప్పుడూ కలిపి వేసుకోలేదు. రోజుకి ఒకటి వేసుకునేవాడు, అదీ వారంలో నాలుగు రోజులు. నేను వెళ్ళేసరికి చేతికి కట్టు వేస్తున్నారు. నన్ను చూసి అతనే లేచి కూర్చోబోయాడు. “మీరు తిడతారని చెప్పలేదండి, క్షమించండి” అన్నాడు.

అతను నన్ను క్షమించమన్నాడు. వేసుకోని మందుల మీద మందులు పేర్చింది నేను. అతనికి అబద్ధం నేర్పింది నేను. ఆ మణికట్టు తిన్నగా అతకలేదు. టికెట్లు కొట్టే చేయి అది.

ఓపీలో “మందులు వాడుతున్నావా?” అని అడిగితే వచ్చే జవాబు ఒకటే. అది ప్రశ్న కాదు, పోలీసు తనిఖీ. అందుకే పరిశోధకులు మనుషుల్ని అడగడం మానేసి సీసా మూతని అడిగారు. తెరిచిన ప్రతిసారీ వేళ నమోదు చేసుకునే చిప్పు మూతలో పెట్టి, 4,783 మంది లెక్కలు తీసి 2008లో ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మందు ఆపేశారు. ఇవన్నీ పరిశోధనల్లో చేరి, జాగ్రత్తగా గమనింపులో ఉన్నవాళ్ళవి. చిప్పు ఉన్న మూతల లెక్కే అలా ఉంటే, మన పల్లెల్లో పాత హార్లిక్స్ సీసాలో దాచుకునే బిళ్ళల లెక్క ఎలా ఉంటుందో ఊహించండి.

మన దగ్గర ఈ జబ్బు ఎంతమందికి ఉందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 2019-21 లెక్కల్లో తెలంగాణలో మగవాళ్ళలో 31 శాతం, ఆడవాళ్ళలో 26 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29, 25. దేశం సగటు కంటే రెండు రాష్ట్రాలూ పైనే. ఇంకా ముందే, 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో చావులకి కారణాలు ఇంటింటికీ వెళ్ళి అడిగారు. మూడింట ఒక వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. నా పేషెంట్ల ఊళ్ళు అవి. ఆ అధ్యయనం చదువుతుంటే నాకు ఎవరెవరో కళ్ళముందు మెదిలారు.

ఏం చేస్తే కాస్త మేలు? తిట్టడం వల్ల కాదని నాకు తెలుసు. బిళ్ళల సంఖ్య తగ్గిస్తే మేలు జరుగుతుంది. శ్రీలంకలో 700 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మూడు మందుల్ని చిన్న మోతాదుల్లో ఒకే బిళ్ళగా ఇస్తే ఆరు నెలలకి 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది, మామూలు పద్ధతిలో 55 శాతానికే. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్ళు వెళ్ళే 52 మంగలి షాపుల్లో, ఫార్మసిస్టే వచ్చి అక్కడే మందు రాసి సరిచేస్తే పై అంకె సగటున 27 తగ్గింది. మనం నెలనెలా తల అప్పగించే మంగలి చెప్పిన మాటకి తెల్లకోటు మాటకన్నా బరువు ఎక్కువ. మన ఊళ్ళో ఆ మనిషి ఎవరో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆశా కార్యకర్త అనే నా నమ్మకం. ఆవిడకి ప్రతి ఇంట్లో వంటిల్లు కూడా తెలుసు.

ఉప్పు సంగతీ ఆవిడే చక్కగా చెప్పగలదు. “ఉప్పు మానేయండి” అని మనం అంటాం. ఆవకాయ లేకుండా అన్నం ఎలా దిగుతుందని ఇంటికెళ్ళి ఆలోచించి, కుదరదని తేల్చుకుని, ఆ చీటీ మొత్తాన్నే మడిచి పక్కన పెట్టేస్తారు. రోజుకి మనిషికి ఐదు గ్రాములు మించకూడదంటే ఒక చిన్న చెంచాడు. ఆశా అయితే “పెరుగన్నంలో ఉప్పు వేసుకోకు పిన్నీ, ఊరగాయ ఒక్క పూటే పెట్టుకో, అప్పడం ఆదివారానికి ఉంచు” అంటుంది. అది జరిగే పని.

2008లో మొదలైన 104 బండి గురించి తలుచుకోకుండా ఉండలేను. నెలకోసారి, చెప్పిన తేదీకి, ఊళ్ళోకే వచ్చి బీపీ చూసి నెలకి సరిపడా బిళ్ళలిచ్చే ఏర్పాటు అది. ముసలివాళ్ళు ఆ తేదీ కోసం అరుగు మీద కాచుకుని కూర్చోవడం చూశాను. బండి వచ్చిన రోజున కూతురి ఇంట్లో పురిటికి వెళ్ళి ఉంటే మాత్రం మళ్ళీ నెలదాకా బిళ్ళ ఉండేది కాదు. పాలమూరు నుంచి పనికి పోయే కుటుంబాలకి నెల లెక్క అసలు సరిపడదు, మూడు నెలల బిళ్ళలు ఒకేసారి ఇవ్వాలి. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ వెళ్ళిన మనిషికి సెలవుకి వచ్చి తిరిగెళ్ళే ఊరివాడి చేత ఇంటివాళ్ళు గోళీలు పంపిస్తారు. ఆ మోసేవాడు సెలవు రెండు నెలలు పొడిగించుకుంటే అక్కడ ఇతని మందు ఆగిపోతుంది. 2017 నుంచి తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో నాకు నచ్చింది ఈ చూపే. తేలికైన ఒకే మందుల వరస, తెగకుండా బిళ్ళల సరఫరా, రాని మనిషిని వెతికి పిలవడం. రిజిస్టరులో ఈ నెల రానివాళ్ళ పేర్లు విడిగా రాయడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. ఆ పేరు రాసిన రోజునే ఆ మనిషి మనకి లెక్కలోకి వస్తాడు.

సరఫరా అనగానే ఇంకో మాట. పోయిన నెల తెల్ల బిళ్ళ, ఈ నెల గులాబీ బిళ్ళ. మందు ఒకటే, కంపెనీ మారింది. చదువురాని మనిషికి రంగే పేరు. రెండూ వేరనుకుని రెండూ వేసుకున్నవాళ్ళున్నారు, కొత్తది నమ్మక రెండూ మానేసినవాళ్ళున్నారు. కౌంటరులో ఇచ్చే అబ్బాయి “రంగు మారింది గానీ మందు అదేనమ్మా” అని ఒక్క మాట అంటే ఈ గొడవ లేదు. ఆ అబ్బాయికి ఆ మాట చెప్పమని మనం ఎప్పుడైనా చెప్పామా?

చివరిగా ఆ కూలి మనిషి దగ్గరికే వెళ్తాను. ఆవిడ మా ఓపీకి ఇంకో తొమ్మిదేళ్ళు వచ్చింది. చదువు రాదు. వాళ్ళ పక్కింటి గోడకి తెలుగు క్యాలెండరు ఉంది, పాలవాడు రోజూ గీత గీసేది. సార్ ఆవిడకి ఒక పాత క్యాలెండరు ఇప్పించి, బిళ్ళ వేసుకున్న రోజున బొగ్గుతో చుక్క పెట్టమన్నారు. నెలాఖరుకి ఆ కాగితం చింపుకుని, నాలుగు మడతలు పెట్టుకుని తెచ్చేది. బొగ్గు అంటుకుని కాగితమంతా నల్లగా ఉండేది. సార్ దాన్ని రక్తపరీక్ష రిపోర్టు చూసినంత శ్రద్ధగా చూసేవారు. మొదట్లో మధ్యమధ్య ఖాళీలు, తర్వాత తర్వాత నిండుగా చుక్కలు.

ఒక మార్గశిరంలో తెచ్చిన కాగితం మీద వరసగా పదకొండు రోజులు చుక్కలు లేవు. నేను పక్కనే ఉన్నాను. సార్ ఆ వరస మీద వేలు పెట్టి, “ఇక్కడేమైందమ్మా?” అన్నారు.

“మా అమ్మ పోయిందండి,” అంది.

సార్ కాగితం పక్కన పెట్టారు. ఆవిడని స్టూలు మీద కూర్చోమన్నారు. ఎలా పోయింది, ఎన్నేళ్ళు, ఎవరు దగ్గరున్నారు, ఆఖరున ఏమైనా తాగిందా అని అడిగారు. ఆవిడ చెప్పింది, ఏడ్చింది, కొంగుతో తుడుచుకుంది. బయట క్యూ పెరుగుతోంది. బీపీ ఆఖర్న చూశారు.